ఆ చెయ్యి కాదు

మా మనవరాలు ధన్విక ఒంటి చేత్తో కనకాంబరాల దండ కడుతోందని తెలిసి వీధిలో సగం మంది మా అరుగు ముందు చేరారు. దానికప్పటికి మూడేళ్ళ నాలుగు నెలలు. దారం ఒక కొసను కాలి బొటనవేలికి చుట్టుకుంది. రెండో కొసను పళ్ళ మధ్య బిగించింది. కుడిచేత్తో రెండు పూలు అటు, రెండు పూలు ఇటు పెట్టి, చూపుడువేలితో దారం మెలితిప్పి ముడి వేస్తోంది. ఎడమ చెయ్యి ఒళ్ళో ఊరికే ఉంది.

"ఓర్నాయనో, ఇదేం పిల్లండీ బాబూ! నలభయ్యేళ్ళ నుంచి కడతన్నాను, నాకు రెండు చేతులూ చాలవు," అంది పక్కింటి మంగాయమ్మ.

"మీకు మాట్టాడ్డానికి కూడా చేతులు కావాలి కదండీ, అందుకు చాలవు," అన్నాడు మా అల్లుడు వీర్రాజు.

అందరూ నవ్వారు. ధన్విక మాత్రం తలెత్తలేదు. ముడి మీదే దాని చూపు. చెవి వెనక అతికించిన బిళ్ళలో ఆకుపచ్చ చుక్క వెలిగి ఆరింది.

వీర్రాజు ఫోనుతో అదంతా తీసి ఆ బిళ్ళ పెట్టిన డాక్టర్ సుభాషిణిగారికి పంపాడు. పది నిమిషాలు గడవకముందే ఆవిడ ఫోన్ చేసింది.

"వరాలమ్మగారూ, ఇలా కట్టడం మీరు నేర్పారా?"

"లేదండీ. నేను రెండు చేతుల్తోనే కడతానండీ."

"అయితే తనే కనిపెట్టింది! మూడేళ్ళ పిల్ల తనంతట తాను ఒక పద్ధతి కనిపెట్టింది. ఇది పెద్ద విషయమండీ."

ఆవిడ గొంతులో సంతోషం నాకు తెలుస్తూనే ఉంది. ఆ రోజు మా కడియం ఊరి చుట్టుపక్కల నా అంత గర్వపడిన మనిషి ఇంకొకరు ఉండరు. పిల్లకు దిష్టి తీసి, ఎండుమిరపకాయలు పొయ్యిలో వేశాను.

మావి పూల మీద బతికే ప్రాణాలు. మా ఆయన పోయాక నేను ఇంట్లోనే దండలు కట్టి మార్కెట్టుకు పంపుతున్నాను. మా అమ్మాయి రత్నం నర్సరీలో మొక్కలకు అంట్లు కడుతుంది. వీర్రాజు మొక్కల వ్యాను నడుపుతాడు. పొద్దున వాళ్ళిద్దరూ వెళితే సాయంత్రం దాకా పిల్లా నేనూ, మధ్యలో పూలబుట్టలూ.

సుభాషిణిగారు మొదటిసారి మా ఊరు వచ్చినప్పుడు, చిన్న పిల్లలున్న పన్నెండు ఇళ్ళను ఎంచుకుంది. మా అరుగు మీదే కూర్చుని చెప్పింది.

"బడి వద్దు, పాఠాలు వద్దు, ఫోనులో బొమ్మలు అసలే వద్దు. ఇంట్లో మీరు రోజూ చేసే పనులే పాఠాలు. మీరు చేస్తుంటే పిల్ల పక్కన కూర్చుని చూస్తుంది కదా, చూసి తనూ చేస్తుంది. ఒక్కోసారి ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూస్తుంది. ఆ క్షణంలో మెదడు మెత్తగా ఉంటుంది. ఏది పడితే అది అచ్చు పడుతుంది. కానీ వెంటనే చెరిగిపోతుంది. అందుకే వందసార్లు చేయాల్సి వస్తుంది."

"తడి సిమెంటు మీద కోడి నడిచినట్టన్నమాట," అన్నాడు వీర్రాజు.

"సరిగ్గా అంతే. ఈ బిళ్ళ ఆ క్షణాన్ని పసిగట్టి సిమెంటును అప్పటికప్పుడే ఆరబెడుతుంది. మూడు నాలుగు సార్లు చూస్తే చాలు, ఇక ఎప్పటికీ పోదు."

కందిబద్దంత బిళ్ళ అది. తొంభై రోజులు పెట్టాలి. పొద్దున లేచినప్పటి నుంచి చీకటి పడేదాకా. నిద్రకూ స్నానానికీ తీసెయ్యాలి. ఏదైనా పట్టుబడినప్పుడల్లా చుక్క వెలుగుతుంది. కాన్వెంట్లకు వేలకు వేలు పోయలేని ఇళ్ళల్లో పిల్లలకు ఇదే పెద్ద బడి అవుతుందని ఆవిడ మనసారా నమ్మింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ మొహం చూసి నేనూ నమ్మాను.

ఒక చిన్న పుస్తకం ఇచ్చింది, ఇరవై పేజీలు. చదివి చెబుతానంది రత్నం. వద్దని నేనే తీసుకున్నాను. అక్షరాలు నేర్చిందే యాభై రెండో ఏట కనుక నాలుగు రోజులు పట్టింది. ఒక్క వాక్యం కూడా వదల్లేదు. నాలుగో పేజీలో ఇలా ఉంది: 'పిల్ల చేతిలోని పనికి అడ్డు చెప్పకండి. కసరకండి. తప్పు చేస్తే మీరు సరిగా చేసి చూపించండి చాలు.'

అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశాను. బుట్టెడు మల్లెమొగ్గల మీద నీళ్ళచెంబు ఒలకబోసినా పల్లెత్తు మాట అనలేదు. పిడికిళ్ళతో బియ్యం కొలవడం దానికి మూడు రోజుల్లో వచ్చింది. ఏ మొగ్గ సాయంత్రానికి విచ్చుతుందో, ఏది రేపటిదాకా ఆగుతుందో వేలితో నొక్కి చెప్పేది. ముగ్గు చుక్కలు వరస తప్పకుండా పెట్టేది. ముడులు నలభై దాకా లెక్కపెట్టేది. "ఈ బుట్ట బరువమ్మమ్మా, అది తేలిక," అని రెండు బుట్టలూ ఒకదాని తర్వాత ఒకటి కుడిచేత్తో ఎత్తి చూసేది.

అన్నం తినేటప్పుడు కూడా బిళ్ళ ఉండాలని డాక్టరుగారు చెప్పింది. భోజనం కూడా పనేనంది. ధన్విక తన చేత్తోనే తినేది. "ఎన్ని ముద్దలయ్యాయే?" అంటే, "మూడు. ఇంకా రెండున్నాయి," అనేది. అప్పుడు కూడా చుక్క వెలిగేది. లెక్క పట్టుబడుతోందనుకుని మురిసిపోయేదాన్ని.

ప్రతి శనివారం డాక్టరుగారు కారులో వచ్చి అడిగేది.

"ఈ వారం ఏమైనా కసిరారా?"

"లేదండీ."

"కొట్టారా?"

"అయ్యో, కొట్టడమేంటండీ, పసిపిల్లని!"

ఆవిడ రాసుకుని వెళ్ళేది. నేను అబద్ధం చెప్పలేదు. అప్పుడే కాదు, ఇప్పుడు తలుచుకున్నా నాకు తెలిసినంతలో అది అబద్ధం కాదు.

డెబ్బై ఒకటో రోజు మధ్యాహ్నం వీర్రాజు వ్యాను వీధి మొదట్లో హారన్ కొట్టింది. ధన్విక "నాన్నా!" అంటూ అరుగు మెట్ల మీదుగా పరిగెత్తింది. రెండో మెట్టు మీద కాలు జారింది.

పడబోయే పిల్లలు రెండు చేతులూ ముందుకు చాపుతారు. ఎవరూ నేర్పక్కర్లేదు దానికి. మా పిల్ల ఒక్క చెయ్యే చాపింది. రెండోది పక్కనే వేలాడుతూ వచ్చింది. ఆ చెయ్యి ఆపాల్సిన దెబ్బ మొహానికి తగిలింది. చుబుకం చీలింది.

ఆసుపత్రిలో మూడు కుట్లు వేశారు. ఏడుపు ఆపడానికి నర్సమ్మ ఒక చాక్లెట్ చాపింది. కుడిచేతిని రత్నం పట్టుకుని ఉంది. "ఈ చేత్తో తీసుకో నాన్నా," అని ఎడమచేతిని చూపించింది నర్సమ్మ. ధన్విక ఆ చేతి వంక చూసింది. తర్వాత చాక్లెట్ వంక చూసింది. చెయ్యి లేవలేదు.

ఎక్స్‌రే తీశారు. ఎముక బాగుంది. నరాలు పరీక్ష చేశారు, అవీ బాగున్నాయి. గిల్లితే "అబ్బా" అంటోంది. అయినా ఆ చెయ్యి ఇంకెవరిదో దాని పక్కన పెట్టి వెళ్ళినట్టుంది.

మర్నాడు మధ్యాహ్నం పిల్ల చాప మీద నిద్రపోతోంది. కుట్ల మీద ఈగ వాలింది. నేను విసనకర్ర అందుకునేలోపు ధన్విక ఎడమచెయ్యి లేచి ఈగను తోలి మళ్ళీ పక్కకు వాలింది.

"అమ్మా! చూశావా? చూశావా!" అని రత్నం కేకపెట్టి పిల్లను ఎత్తుకుంది. ధన్విక ఉలిక్కిపడి లేచింది. కుడిచేత్తో తల్లి మెడ పట్టుకుంది. ఎడమది కిందికి జారింది. ఎంత బతిమాలినా కదల్లేదు.

నిద్రలో మా పిల్లకు రెండు చేతులు. మెలకువలో ఒకటే.

డాక్టర్ సుభాషిణిగారు మమ్మల్ని రాజమండ్రిలో తన ప్రయోగశాలకు పిలిచింది. బిళ్ళను అంతకుముందు రోజే తీసేసింది. చుక్క వెలిగిన ప్రతిసారీ అప్పుడు వినబడిన శబ్దాన్ని మూడు సెకన్ల పాటు ఆ బిళ్ళ దాచుకుంటుందట. ఆ గదిలో నేనూ, రత్నం, ఆవిడ. వీర్రాజు పిల్లను తీసుకుని బయట చేపల తొట్టి దగ్గర నిలబడ్డాడు.

"మొత్తం మూడు వందల పన్నెండు సార్లు వెలిగింది," అందావిడ. "కంప్యూటరు వాటిని రెండు కుప్పలుగా విడదీసింది. ఒకటి పనులు. రెండోది ఇతరాలు. నేను ఇన్నాళ్ళూ పనులే విన్నాను."

ముందు పనుల కుప్ప వినిపించింది. బియ్యం గలగల. "ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది." "ఈ మొగ్గ రేపటిది." మా ఇల్లే ఆ గదిలోకి వచ్చినట్టనిపించింది. రత్నం కళ్ళు తుడుచుకుంది.

తర్వాత రెండో కుప్ప తెరిచింది.

"ఆ చెయ్యి కాదు." నా గొంతు. ఆ వెంటనే టప్పుమని చిన్న చప్పుడు.

"ఛీ, ఆ చెయ్యి కాదు." టప్.

"దేవుడి పూలే, ఆ చేత్తో ముట్టుకుంటారా?" టప్.

"పెద్దవాళ్ళకి ఆ చేత్తో ఇస్తారా ఎవరైనా? ఈ చేత్తో, ఈ చేత్తో."

"అన్నంలో ఆ చెయ్యి పెట్టావంటే చూడు."

ఒకటి అయ్యేలోపు ఇంకొకటి. నలభై మూడు. నేను అన్నట్టు ఒక్కటీ గుర్తు లేదు. ఊపిరి తీసుకోవడం ఎవరికి గుర్తుంటుంది? ధన్విక ముందు నుంచీ ఎడమచేతి వాటం పిల్ల. బొమ్మనైనా జంతికనైనా ఎడమచేత్తోనే అందుకునేది. అందుకే నోటి నుంచి అన్నిసార్లు వచ్చింది.

"నేను కొట్టలేదండీ," అన్నాను. "ఇలా అన్నానంతే." ఎలాగో చూపించడానికి బల్ల మీద రెండు వేళ్ళతో తట్టాను. టప్. యంత్రంలో వినబడిన చప్పుడే. రత్నం మొహం పక్కకు తిప్పుకుంది.

"కొట్టలేదని తెలుసు వరాలమ్మగారూ," అంది డాక్టరుగారు. "నొప్పి వల్ల కాదిది. మీరలా అన్నప్పుడల్లా పిల్ల చేస్తున్న పని ఆపి మీ మొహంలోకి చూసేది. పూలను కూడా అంత శ్రద్ధగా చూడలేదు. అన్నింటికంటే గట్టిగా పట్టుబడింది ఇదే. తినడానికి, ఇవ్వడానికి ఆ చెయ్యి వద్దని మీరు నేర్పారు. దేనికీ వద్దని అది నేర్చుకుంది."

"పుస్తకంలో లేదు కదండీ," అన్నాను. "పనికి అడ్డు చెప్పొద్దన్నారు. ఇది పని కాదు కదండీ. ఇది... మామూలుగా పిల్లల్ని పెంచడం కదండీ."

ఆవిడ యంత్రం ఆపేసింది.

"అవును, పుస్తకంలో లేదు. రాయాలని నాకు తోచలేదు. శనివారాలు మీ ఇంట్లో కూర్చున్నప్పుడు నా ఎదురుగానే ఎన్నోసార్లు అన్నారు. నేను విన్నాను. విని దాటేశాను. మా అమ్మా అలాగే అనేది. అది కూడా ఒక పాఠమేనని నాకు తట్టలేదు."

"అయితే తీసెయ్యండమ్మా దాన్ని," అంది రత్నం. "పట్టించినవాళ్ళు తీసెయ్యలేరా? మిగతావన్నీ పోయినా ఫర్లేదు. లెక్కలూ వద్దు, ఏమీ వద్దు."

"ఆరబెట్టడమే నాకు తెలుసు రత్నం. తడపడం తెలీదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడకు నా కూతురి వయసే ఉంటుందని మొదటిసారి గమనించాను.

మిగతా పదకొండు ఇళ్ళ ఇతరాల కుప్పలు కూడా ఆ వారంలోనే విన్నారట. ఒక ఇంట్లో పిల్లవాడు ఎవరు తుమ్మినా ఉన్నచోటే నిలబడిపోతాడు. మంచినీళ్ళు తాగిస్తే గాని అడుగు వెయ్యడు. వానలో నిలబెట్టినా అంతేనట. ప్రయోగం ఆపేశారు. ఆవిడ మాత్రం శనివారం వస్తూనే ఉంది, రాసుకునే పుస్తకం లేకుండా, బస్సులో.

ఇంట్లో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. రత్నం మధ్యాహ్నాలు నర్సరీ పని మానుకుని, పిల్లకు అన్నం తనే పెట్టడం మొదలెట్టింది.

"అత్తయ్యగారండీ, మీరూరికే మనసు కష్టపెట్టుకోకండి," అన్నాడు వీర్రాజు. "మా అమ్మ నన్ను అట్లకాడతో కొట్టేదండి. బాగానే ఉన్నాను కదా?"

"నీకు బిళ్ళ పెట్టలేదు కదా బాబూ."

అతను వ్యాను తుడవడానికి వెళ్ళాడు.

ఒకటే మార్గం ఉందంది డాక్టరుగారు. రోజుకు ఒక పూట కుడిచేతిని సంచిలో పెట్టి కట్టెయ్యాలి. ఎదురుగా అన్నం పెట్టాలి. ఎవరూ తినిపించకూడదు. ఆకలేసి ఎప్పటికైనా ఎడమచెయ్యి లేవొచ్చు. వారాలు పట్టొచ్చు, ఏళ్ళు పట్టొచ్చు. బిళ్ళ లేదు కాబట్టి ఏదైనా వందలసార్లు జరగాలి. లేవకపోవచ్చు కూడా. అలా మెల్లగా మెల్లగా చెయ్యి సన్నబడిపోవచ్చు.

సంచి నేనే కుట్టాను, మెత్తని పాత వాయిల్ గుడ్డతో. ఒక చేతిని వద్దన్నదాన్ని నేనే, రెండో చేతిని కట్టేసేదాన్నీ నేనేనా అని రత్నాన్ని కట్టమన్నాను. అది ముడి దాకా వచ్చి సంచి నాకే ఇచ్చేసింది. చివరికి నేనే కట్టాల్సి వచ్చింది.

మొదటి రోజు ధన్విక ఆట అనుకుని నవ్వింది. తర్వాత ఏడ్చింది. తర్వాత దూడలా పళ్ళెం మీదికి వంగి నోటితో తింది. ముక్కుకు పెరుగు అంటింది. "అమ్మమ్మా, తుడు," అంది. తుడిచాను. రెండో రోజు ఏడవలేదు, నేరుగా వంగింది. వారం తిరిగేసరికి మెతుకు కింద పడకుండా నోటితో తినడం నేర్చుకుంది. అంత తెలివిగల పిల్ల అది.

నేను చూపిస్తే నేర్చుకుంటుందేమోనని దాని ఎదురుగా కూర్చుని ఎడమచేత్తో అన్నం తినడం మొదలుపెట్టాను. మొదటి ముద్దను నీళ్ళతో దింపుకున్నాను. ధన్విక కళ్ళు పెద్దవి చేసి చూసింది. "అమ్మమ్మా, తప్పు," అని గుసగుసగా చెప్పింది, ఎవరైనా చూస్తే నన్ను తిడతారేమోనని.

"తప్పు కాదు తల్లీ. నేనే తప్పు చెప్పాను. రెండు చేతులూ మంచివే."

నా మాట అది వింది. నమ్మినట్టు మాత్రం కనబడలేదు. మాటలతో నేను దానికి ఏదీ నేర్పింది లేదు.

ఇరవై మూడో రోజు. పప్పూ నెయ్యీ కలిపి పళ్ళెంలో పెట్టాను. ఆ పొద్దున దానికి పాలు కూడా తక్కువే పట్టాం. రత్నం వంటింటి గడపలో నిలబడి ఉంది. నేను ఎదురుగా కూర్చున్నాను. కుడిచెయ్యి సంచిలో ఉంది. ధన్విక పళ్ళెం వైపు వంగబోయి ఆగింది. చుబుకం మీద కుట్ల మచ్చ ఇంకా నొప్పి పెడుతోందేమో. నిటారుగా కూర్చుంది. ఒళ్ళో ఉన్న ఎడమచేతిని చూసుకుంది.

ఆ చేతి వేళ్ళు కదిలాయి.

చెయ్యి ఒళ్ళోంచి లేచింది. గాలిలో వణికింది. అంగుళం అంగుళం పళ్ళెం మీదికి వచ్చింది. దేవుడా, దేవుడా అనుకుంటున్నాను. ధన్విక తలెత్తి నా మొహంలోకి చూసింది, అవునా కాదా అని అడుగుతున్నట్టుగా. నేను నవ్వాను. నిజంగా, మనస్ఫూర్తిగా నవ్వాను.

దాని వేళ్ళు నేతి అన్నంలో దిగాయి.

అప్పుడు నా కనుబొమలు ముడిపడ్డాయి. నేను ముడవలేదు, వాటంతట అవే ముడిపడ్డాయి. ఎంతసేపని? రెప్పపాటు. అరవై మూడేళ్ళ నుంచి అన్నంలో ఎడమచెయ్యి చూడగానే ముడిపడే కనుబొమలు అవి. వెంటనే సర్దుకుని ఇంకా పెద్దగా నవ్వాను. "తిను తల్లీ, తిను, తిను!" అన్నాను.

అప్పటికే అది చూసేసింది. వేళ్ళు ఆగిపోయాయి. చెయ్యి పళ్ళెం అంచు మీదుగా జారి ఒళ్ళోకి పడింది. నెయ్యి అంటిన మెతుకులు గౌను మీద రాలాయి.

ఎంత పిలిచినా ఇక లేవలేదు. ఆ చేతిని నా చేతుల్లోకి తీసుకుని ముద్దు పెట్టుకున్నాను, కళ్ళకు అద్దుకున్నాను. అది నా వంక జాలిగా చూసింది.

"రేపట్నుంచి నువ్వు కూర్చోవే దాని ఎదురుగా," అన్నాను రత్నంతో, గోడవైపు తిరిగి. "నా మొహం పనికిరాదు. అసలు నేను ఆ వేళకి ఇంట్లోనే ఉండను."

రత్నం గడప దిగి రాలేదు. దాని గొంతుకి ఇటు తిరిగాను.

"నేనూ ఇక్కణ్ణుంచి చూస్తానే ఉన్నానమ్మా. చెయ్యి లేస్తుంటే ప్రాణం లేచొచ్చినట్టయ్యింది. అన్నంలో పడేసరికి..." ఆగింది. నుదుటి మీద చెయ్యి వేసుకుని, ముడతలు తడుముకుంటున్నట్టు తడుముకుంది. "నాకూ నువ్వే కదమ్మా నేర్పింది."

మా ఇద్దరి మధ్యా ధన్విక పళ్ళెం మీదికి వంగింది.